ఇల్లు చూడకముందే అడ్వాన్సు : బాడుగ ఇళ్ళ పేరిట సెల్‌ఫోన్ మోసాలు

కోడుమూరు : పిల్లవాడికి హైదరాబాదులో కాలేజీ సీటు వచ్చినా, బెంగుళూరులో ఉద్యోగం దొరికినా ఇంట్లో మొదట పుట్టే ప్రశ్న ఒక్కటే. వాడు ఎక్కడ ఉండాలి? పదిహేనేండ్ల కిందట దీనికి జవాబు రచ్చకట్ట మీదే దొరికేది. ఎవరి బావమరిదో అమీర్‌పేటలో మెస్సు నడుపుతూ ఉండేవాడు. పక్క ఊరి మేస్త్రి పది మంది కూలీలతో మియాపూర్‌లో మకాం పెట్టి ఉండేవాడు. తండ్రీ కొడుకులు కర్నూలు బస్సెక్కి, అక్కడి నుంచి ఇంకో బస్సు పట్టుకుని పోయి, నాలుగు వీధులు తిరిగి, టులెట్ బోర్డు చూసి, ఇంటాయనతో బేరమాడి, నచ్చితే చేతిలో అడ్వాన్సు పెట్టి తాళంచెవి తీసుకునేవారు. రెండు రోజుల పని చెడేది, ఛార్జీలు దండుగయ్యేవి. అయితే ముందు ఇల్లు, తర్వాత మనిషి, చివర డబ్బు అనే వరుస మాత్రం తప్పేది కాదు.

ఇప్పుడా వరుస తలకిందులయింది. ఇల్లు ఫోనులో కనిపిస్తుంది, మనిషి ఫోనులో వినిపిస్తాడు, డబ్బు మాత్రం నిజంగానే పోతుంది. ఇంటర్నెట్‌లో బాడుగ ఇళ్ళ ప్రకటనలు చూసి, ఇల్లు చూడకుండానే అడ్వాన్సు పంపి మోసపోయే వారి సంగతి హైదరాబాదు, బెంగుళూరు పత్రికల్లో కొన్నేళ్ళుగా వస్తూనే ఉంది. ఆ నగరాలకు మనుషులను పంపే కోడుమూరు, గూడూరు, కృష్ణగిరి, గోనెగండ్ల, దేవనకొండ మండలాల వారికి ఇది పరాయి ఊరి సంగతి కాదు. పైగా ఈ మోసంలో ఇంకో కోణం కూడా ఉంది. ఇల్లు వెతుక్కునే వాడే కాదు, కర్నూలులో ఒక ఇల్లు కట్టి బాడుగకు ఇవ్వదలచిన వాడు కూడా దీనిలో పడుతున్నాడు. ఇది చాలామందికి నమ్మశక్యం కాదు. బాడుగ తీసుకోవలసిన వాడు డబ్బు ఎట్లా పోగొట్టుకుంటాడని అడుగుతారు. ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవలసి ఉంది.

ముందు నష్టం ఎంతో చూడాలి. పాతిక వేలు పెద్ద మొత్తమా అని నగరంలో ఎవరైనా అనవచ్చు. 2025లో కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి ధర పడిపోయినప్పుడు ప్రభుత్వం క్వింటాలు రు. 1,200 చొప్పున కొనడానికి ముందుకు వచ్చిన సంగతి పాఠకులకు తెలిసిందే. ఆ లెక్కన రు. 25,000 అడ్వాన్సు అంటే ఇరవై క్వింటాళ్ళ పైచిలుకు ఉల్లిగడ్డలు. విత్తనం, ఎరువు, మందు, కోత కూలి, లారీ బాడుగ తీయక ముందటి లెక్క ఇది. అవి తీస్తే ఎంత పొలం పంట అవుతుందో రైతుకు వేరే చెప్పనక్కర లేదు. ఆ పాతిక వేలు కూడా చాలా ఇళ్ళలో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినదై ఉంటుంది. డబ్బు దొంగ పాలైనా వడ్డీ ఆగదు.

మిలిటరీ వేషం

కర్నూలులో రెండు గదుల ఇల్లు కట్టుకున్న ఒక రిటైర్డు ఉద్యోగి ఉన్నాడనుకుందాం. నెలకు రు. 8,000 బాడుగ, మూడు నెలల అడ్వాన్సు అని ఇంటర్నెట్‌లో ప్రకటన ఇస్తాడు. ఫోను నెంబరు కూడా అందులోనే ఉంటుంది. గంటలో ఫోను మోగుతుంది. అవతలి వాడు హిందీలో మాట్లాడతాడు. తాను మిలిటరీలో, లేదంటే సి.ఐ.ఎస్.ఎఫ్.లో పనిచేస్తున్నానని, కర్నూలుకు బదిలీ అయిందని, వారం రోజుల్లో భార్యా పిల్లలతో వస్తున్నానని చెబుతాడు. ఇల్లు చూడనక్కర లేదంటాడు. ఫోటోలు నచ్చాయంటాడు. బేరం ఆడడు. ఇక్కడే అనుమానం రావాలి. రాయలసీమలో బాడుగ ఇంటికి బేరం ఆడని వాడు ఇంతవరకు పుట్టలేదు.

నమ్మకం కోసం యూనిఫారంలో ఫోటో, గుర్తింపు కార్డు, ఆధార్ కార్డు, క్యాంటీన్ కార్డు వరుసగా వాట్సాప్‌లో వచ్చి పడతాయి. అవన్నీ చాలావరకు ఎవరో నిజమైన సిపాయివి. ఆయన ఎప్పుడో ఎవరికో ఇచ్చిన కాపీలు దొంగల చేతికి చిక్కి, ఊరూరా తిరుగుతున్నాయి. తర్వాత అసలు కథ మొదలవుతుంది. అడ్వాన్సు తన సొంత ఖాతా నుంచి కాక మిలిటరీ ఖాతా నుంచి వస్తుందని, ఆ ఖాతాకు ఒక పద్ధతి ఉందని, ముందు ఇంటాయన ఒక రూపాయి పంపితే రెండు రూపాయలు తిరిగి వస్తాయని చెబుతాడు. ఇంటాయన ఒక రూపాయి పంపుతాడు. నిజంగానే రెండు రూపాయలు వస్తాయి. ఆ రెండో రూపాయే ఎర.

ఇప్పుడు రు. 24,000 పంపండి, రు. 48,000 వస్తాయి, మిగిలింది తర్వాతి బాడుగలకు జమ కట్టుకోండి అంటాడు. పంపితే ఏమీ రాదు. ఎక్కడో తప్పు జరిగింది, లెక్క సరిపోవాలంటే ఇంకోసారి అంతే పంపాలి, రెండూ కలిపి వస్తాయి అంటాడు. మొదటిసారి పోయిన డబ్బు తిరిగి రావాలన్న ఆత్రంలో రెండోసారి పంపే వారు ఉన్నారు. ఆ తర్వాత గొంతు మారుతుంది. నసిగితే, మిలిటరీ డబ్బు ఆపినందుకు కేసు పెడతానని బెదిరింపు. చివరకు ఫోను మూగబోతుంది.

సైనికులు ఇంటి బాడుగ ఇలా కట్టరు. జీతం వారి ఖాతాలో పడుతుంది, బాడుగ వారే కడతారు. రూపాయి పంపితే రెండు రూపాయలు ఇచ్చే ఖాతా దేశంలో ఏ శాఖలోనూ లేదు. దొంగలు మిలిటరీ వేషం ఎందుకు ఎన్నుకున్నారంటే దానిలో మూడు లాభాలున్నాయి. తెలుగు రాకపోవడానికి కారణం దొరుకుతుంది. స్వయంగా రాలేకపోవడానికి కారణం దొరుకుతుంది. అన్నిటికీ మించి, సైనికుడిని అనుమానించడానికి మన జనానికి నోరు రాదు.

పిన్ను నొక్కితే డబ్బు పోతుంది, రాదు

ఒక రూపాయి పంపమనకుండా, క్యూఆర్ కోడ్ బొమ్మ పంపి స్కాన్ చేయమనడం ఇంకో రకం. స్కాన్ చేస్తే మీ ఖాతాలో అడ్వాన్సు పడుతుందంటాడు. అంగడిలో కట్టించిన క్యూఆర్ బొమ్మను గుర్తు చేసుకుంటే ఇందులో మోసం అర్థమవుతుంది. దానిని కొనేవాడు స్కాన్ చేస్తాడు, డబ్బు అంగడివాడికి పోతుంది. స్కాన్ చేసినవాడికి డబ్బు వచ్చిన అంగడి ఎక్కడైనా ఉందా? యూపీఐలో డబ్బు రావడానికి పిన్ను నెంబరు అవసరమే లేదు. పిన్ను అడిగిందంటే మన ఖాతా నుంచి పోతున్నదని అర్థం.

ఇదివరలో ఒకరు మరొకరికి డబ్బు కోరుతూ అభ్యర్థన పంపే సౌకర్యం యూపీఐలో ఉండేది. దొంగలు దానిని ఇష్టారాజ్యంగా వాడుకున్నారు. డబ్బు వస్తున్నదనుకుని జనం ఒప్పుకున్నట్లు నొక్కి పిన్ను కొట్టేవారు. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2025 అక్టోబరు 1 నుంచి వ్యక్తుల మధ్య ఆ సౌకర్యాన్ని ఎత్తివేసింది. మంచి పనే, అయితే ఆలస్యంగా జరిగింది. క్యూఆర్ కోడ్ దారి, లింకుల దారి ఇంకా తెరిచే ఉన్నాయి. అగ్రిమెంటు పత్రమని చెప్పి వాట్సాప్‌లో పంపే ఏపీకే ఫైలు మరీ ప్రమాదకరం. దానిని తెరిచి ఫోనులోకి ఎక్కించుకుంటే ఫోనులోకి వచ్చే ఓటీపీలు దొంగకు కూడా కనిపించవచ్చు.

2025 ఆగస్టు నెల ఒక్కదానిలోనే యూపీఐ ద్వారా దేశంలో 2,000 కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయి. కూరగాయల గంప దగ్గరికి కూడా అది వచ్చింది. వాడకం ఊళ్ళోకి వచ్చినంత వేగంగా జాగ్రత్త రాలేదు.

గేటు పాసు దగ్గర మొదలు

ఇక ఇల్లు వెతుక్కునే వాడి సంగతి. హైదరాబాదులో నెలకు రు. 20,000 పలికే ఫ్లాటు రు. 11,000కే ఉందని ప్రకటన కనిపిస్తుంది. మంచాలు, ఫ్యాన్లు, ఫ్రిజ్జు అన్నీ ఉన్న చక్కటి ఫోటోలు ఉంటాయి. ఇవి వేరే ఎవరో ఇల్లు అమ్మడానికో, బాడుగకో పెట్టిన ప్రకటనల నుంచి ఎత్తుకొచ్చిన ఫోటోలు. ఫోను చేస్తే యజమాని జమ్మూలోనో, అండమాన్‌లోనో డ్యూటీలో ఉంటాడు. ఇల్లు చూడాలంటే చూడవచ్చు, తాళంచెవి సెక్యూరిటీ వద్ద ఉంది, కాకపోతే లోపలికి పోవడానికి గేటు పాసు తీసుకోవాలి, దానికి రు. 2,500 కట్టాలి, తర్వాత తిరిగి ఇస్తారు అంటాడు. చిన్న మొత్తమే కదా అని కుర్రవాడు కట్టేస్తాడు. తర్వాత ఇంకొకరు ఇల్లు అడుగుతున్నారని తొందర పెట్టి ఒక నెల అడ్వాన్సు, దాని తర్వాత అగ్రిమెంటు ఖర్చులు అంటూ మెట్టు మెట్టుగా పిండుతారు. పెట్టె సర్దుకుని ఆ అడ్రసుకు పోతే, ఆ నెంబరు ఫ్లాటే లేదని, ఉంటే అందులో పదేళ్ళుగా వేరేవాళ్ళు కాపురముంటున్నారని వాచ్‌మన్ చెబుతాడు.

ఇల్లు చూడడానికి డబ్బు కట్టే ఆచారం ఎక్కడా లేదు. పెద్ద అపార్టుమెంట్లలో గేటు దగ్గర పేరు రాసుకుంటారు, ఫోను చేసి అడుగుతారు, అంతే.

తాళంచెవి చేతిలో ఉన్నంత మాత్రాన యజమాని అని కూడా అనుకోరాదు. ఒక నెలకు ఇల్లు బాడుగకు తీసుకుని, ఆ తాళంచెవితోనే నలుగురైదుగురికి ఇల్లు చూపించి, అందరి దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉడాయించే వారున్నారు. బెంగుళూరులో ఇంకో పద్ధతి ఉంది. నెలనెలా బాడుగ లేకుండా ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి ఇంట్లో ఉండడం, గడువు తీరాక ఆ మొత్తం వెనక్కి తీసుకోవడం. దానిని అక్కడ లీజు అనీ, భోగ్యం అనీ అంటారు. పొలం భోగ్యానికి ఇచ్చిపుచ్చుకోవడం తెలిసిన సీమవారికి ఇది సులభంగానే అర్థమవుతుంది, ఆకర్షణగానూ ఉంటుంది. ఇందులో మధ్యవర్తి ఇంటాయనకు నెలబాడుగ కడతానని ఇల్లు తీసుకుని, కాపురానికి వచ్చినవాడి దగ్గర లక్షల్లో భోగ్యం రాయించుకుంటాడు. కొన్ని నెలలు బాడుగ కట్టి మానేస్తాడు. ఇంటాయన వచ్చి తలుపు తట్టినప్పుడు గాని విషయం బయటపడదు. పొలం భోగ్యం రాసుకునేటప్పుడు పట్టాదారుతోనే రాసుకుంటాం గాని పక్క పొలం వాడితో రాసుకోము. ఇంటికీ అంతే.

సముద్రాలు దాటినా ఈ బెడద తప్పదు. అమెరికాకు, ఇంగ్లండుకు చదువుకు పోయే తెలుగు పిల్లలు విమానం ఎక్కకముందే అక్కడి గదికి అడ్వాన్సు పంపుతుంటారు. అక్కడా ఎత్తుకొచ్చిన ఫోటోలే, ఊళ్ళో లేని యజమానులే. అక్కడ చదువుతున్న సీనియరు ఒకరు పోయి గది చూసి, ఇంటాయనతో మాట్లాడేదాకా పైసా పంపకపోవడమే మేలు. ముందు వారం రోజులు తెలిసినవారి దగ్గర సర్దుకోవడం ఇబ్బందే గాని, అందులో నష్టం లేదు.

ఎవరీ దొంగలు

మిలిటరీ వేషం దొంగతనాలకు రాజస్థాన్‌లోని భరత్‌పూర్, ఆల్వార్, హర్యానాలోని నూహ్, ఉత్తరప్రదేశ్‌లోని మథుర ప్రాంతాలు కలిసే మేవాత్ పట్టీ పేరుపడింది. జార్ఖండ్‌లోని జాంతాడా పేరు బ్యాంకు మోసాల్లో అంతకుముందే మోగిపోయింది. 2023 ఏప్రిల్‌లో హర్యానా పోలీసులు దాదాపు 5,000 మందితో ఒకే రాత్రి నూహ్ జిల్లాలోని 14 గ్రామాల మీద పడి, నూరు మందికి పైగా అనుమానితులను పట్టుకున్నారు. నూహ్ బాగా వెనుకబడిన జిల్లా. 2018లో నీతి ఆయోగ్ వెనుకబడిన జిల్లాలకు ర్యాంకులు ఇచ్చినప్పుడు అట్టడుగున నిలిచింది అదే. చదువు అంతంతమాత్రం, నీళ్ళు అంతంతమాత్రం, పని దొరకని కుర్రవాళ్ళు ఎక్కువ. అంటే మన ఊళ్ళ వంటి ఊళ్ళే. ఒక వెనుకబడిన ఊరి కుర్రవాడు ఇంకో వెనుకబడిన ఊరి రైతు సొమ్ము దోచుకుంటున్నాడన్నమాట.

ఈ మోసాల్లో మనవైపు కుర్రవాళ్ళు తెలియక ఇరుక్కునే దారి ఒకటుంది. దోచిన డబ్బు దొంగ సొంత ఖాతాలోకి పోదు. ఎవరో బీదవాడి పేరిట ఉన్న ఖాతాలోకి పోయి, నిమిషాల్లో అక్కడి నుంచి నాలుగైదు ఖాతాలకు చీలి, ఏటీఎంలో నోట్లయి బయటికి వస్తుంది. ఇందుకోసం వాళ్ళు ఖాతాలను, ఏటీఎం కార్డులను, సిమ్ములను కమీషనుకు అడుగుతారు. ఇంటి బాడుగ మాట అటుంచి, బ్యాంకు ఖాతానే బాడుగకు ఇవ్వడమిది. డబ్బు ఎవరి ఖాతాలో పడితే పోలీసులు మొదట వచ్చేది వారి ఇంటికే. రెండు మూడు వేల కమీషనుకు ఆశపడి కేసులో నిందితుడు కావడం మామూలు విషయం కాదు.

కేంద్ర హోం శాఖ 2025 జూలైలో లోక్‌సభకు ఇచ్చిన జవాబు ప్రకారం 2024లో దేశంలో అన్ని రకాల సైబరు మోసాల్లో కలిపి జనం పోగొట్టుకున్నది రు. 22,845 కోట్లు. అంతకుముందు ఏడు అది రు. 7,465 కోట్లు. ఒక్క ఏడాదిలో మూడింతలయింది. ఇందులో బాడుగ ఇళ్ళ వాటా కొంతే కావచ్చు. అయితే మోసం చేసే చేతులు, డబ్బు పారే కాలువలు ఒక్కటే.

పోయిన గంటలోపే

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే చేయవలసింది 1930 నెంబరుకు ఫోను చేయడం. ఇది దేశమంతటికీ ఒకటే నెంబరు. 2021లో 155260గా మొదలై, తర్వాత 1930గా మారింది. ఇంట్లో చెప్పుకోవాలా వద్దా, నాన్న తిడతాడేమో అని రాత్రంతా మథనపడడంలోనే చాలామంది డబ్బు చేజారిపోతుంది. ఫిర్యాదు అందగానే ఆ డబ్బు చేరిన బ్యాంకుకు కబురు పోతుంది. డబ్బు ఇంకా ఖాతాలో ఉంటే అక్కడే నిలిపివేస్తారు. ఏటీఎంలో తీసేసి ఉంటే ఎవరూ చేసేదేమీ లేదు. ఈ పద్ధతి పెట్టినప్పటి నుంచి 2025 జూలై నాటికి 17 లక్షలకు పైగా ఫిర్యాదుల్లో రు. 5,489 కోట్లు దొంగల చేతికి పోకుండా ఆపగలిగామని హోం శాఖ అదే జవాబులో తెలిపింది. పోయిన దానితో పోలిస్తే ఇది తక్కువే. దక్కినవారిలో ఎక్కువ మంది త్వరగా ఫోను చేసినవారై ఉంటారని వేరే చెప్పాలా?

ఫోను చేసేటప్పుడు ఏ బ్యాంకు, ఎంత మొత్తం, ఎన్ని గంటలకు పోయింది, ఆ లావాదేవీకి వచ్చిన 12 అంకెల యూటీఆర్ నెంబరు, దొంగ ఫోను నెంబరు దగ్గర పెట్టుకోవాలి. వాట్సాప్ సంభాషణను కోపంతో చెరిపివేయరాదు. అదే సాక్ష్యం. సైబరు క్రైం పోర్టల్‌లో కూడా ఫిర్యాదు రాయవచ్చు. కంప్యూటరు తెలిసిన కుర్రవాడి చేత రాయించుకోవచ్చు.

బ్యాంకుకు కూడా ఆ వెంటనే చెప్పి, చెప్పినట్లు నెంబరు తీసుకోవాలి. ఇందుకు కారణముంది. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఖాతాదారు తన పొరపాటుతో రహస్య నెంబరు బయటపెట్టి నష్టపోతే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం అతనిదే. తెలియజేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుది. తానే పిన్ను నొక్కి పంపిన డబ్బును బ్యాంకు ఇవ్వదని ఈ ఉత్తర్వు నుంచి గ్రహించాలి.

పోలీసు ఫిర్యాదు విషయంలోనూ ఒక సంగతి తెలియాలి. డబ్బు హైదరాబాదు ఇంటికోసం పోయింది కాబట్టి అక్కడికే పోవాలని ఎవరైనా అంటే అది సరి కాదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, ఇటువంటి నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చు. వారు నమోదు చేసి, అవసరమైతే సంబంధిత స్టేషనుకు పంపాలి. మోసానికి భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను కింద ఏడేళ్ళ వరకు శిక్ష ఉంది. కంప్యూటరు, ఫోను ద్వారా వేరొకరి వేషంలో మోసం చేస్తే ఐ.టి. చట్టం 66-డి కింద మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఐ.టి. చట్టం కేసులు ఇన్‌స్పెక్టరు స్థాయి అధికారే దర్యాప్తు చేయాలి. అంతమాత్రాన ఎస్సై ఫిర్యాదు తీసుకోకూడదని కాదు.

ఇల్లు వెతికేటప్పుడు

ఇంటర్నెట్‌లో ఇల్లు చూడడం తప్పు కాదు. రెండు రోజుల తిరుగుడు తప్పుతుంది, ఏ పేటలో ఎంత బాడుగ నడుస్తున్నదో తెలుస్తుంది. ప్రకటనలు వేసే కంపెనీలు ఫోను నెంబరు సరిచూసుకుంటాయి గాని, ఆ ఇల్లు ఆ మనిషిదేనా అని ప్రతి ప్రకటనకూ సరిచూడవు. లాభం వాటిది, జాగ్రత్త జనానిది అయిపోయింది. ఈ పద్ధతి మారాలంటే ప్రభుత్వం గట్టిగా పూనుకోవాలి.

అంతవరకు పాత వరుసే మేలు. హైదరాబాదు, బెంగుళూరులలో మన మండలం మనిషి లేని పేట ఉండదు. తాను పోలేకపోతే ఆ మనిషిని పంపి ఇల్లు చూపించుకోవచ్చు. వాచ్‌మన్‌ను, పక్కింటి వారిని ఇంటాయన పేరు అడిగితే సగం నిజం అక్కడే తెలుస్తుంది. ఇంటి పన్ను రశీదు, కరెంటు బిల్లు చూపమనాలి. రెండింటిలోని పేరు, అగ్రిమెంటు మీద పేరు, అడ్వాన్సు పోయే బ్యాంకు ఖాతా పేరు ఒక్కటే కావాలి. యూపీఐలో డబ్బు పంపేముందు అవతలి ఖాతాదారు పేరు తెర మీద కనిపిస్తుంది. రెడ్డిగారి ఇంటికి అడ్వాన్సు కడుతూ ఉంటే ఎక్కడో ఉత్తరాది పేరు కనిపిస్తే అక్కడే ఆగాలి. రశీదు అడిగితే కోపం తెచ్చుకునే ఇంటాయన ఇల్లు వదులుకున్నా పరవాలేదు.

ఆధార్ కాపీ ఎవరు అడిగితే వారికి వాట్సాప్‌లో పంపడం కూడా మానాలి. ఇవ్వక తప్పనప్పుడు చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చు. కాగితం కాపీ అయితే దాని మీద ఏ పనికి, ఎవరికి, ఏ తేదీన ఇచ్చినదీ అడ్డంగా రాసి ఇవ్వాలి. లేకుంటే రేపు ఇంకో ఊళ్ళో ఇంకొకరిని మోసం చేయడానికి అదే కార్డు పనికివస్తుంది.

ఏటా జూన్, జూలై నెలల్లో కాలేజీలు తెరిచే వేళకు గదుల వెతుకులాట ముమ్మరమవుతుంది. ఆ లోపుగా 1930 నెంబరును పెద్ద అక్షరాలతో పంచాయతీ కార్యాలయాల గోడల మీద, బ్యాంకుల వద్ద, జూనియరు కాలేజీల నోటీసు బోర్డులలో, కోడుమూరు బస్టాండులో కర్నూలు బస్సు ఆగే చోట రాయించవలసిన బాధ్యత పోలీసు, పంచాయతీ అధికారుల మీద ఉంది. డబ్బా పెయింటుకు మించిన ఖర్చు అందులో లేదు.